డాలరును దించిన టీ గ్లాసు

"ముందే చెబుతున్నా, నేను అబద్ధాలాడే మనిషిని కాను. దానికి జ్ఞాపకశక్తి కావాలి. అది లేకే ఎనిమిదో తరగతి మూడుసార్లు చదివా. కానీ నిరుడు డాలరు నలభై నాలుగు నుంచి ముప్ఫై తొమ్మిదికి దిగిందే, అది మాత్రం నా వల్లే."

కంకిపాడు సెంటర్లో శౌరమ్మ టీకొట్టు దగ్గర నేనీ మాట అనగానే ఏసుపాదం దగ్గరికి జరిగాడు. అతనింట్లో పన్నెండు బస్తాల మినుములున్నాయి. అవి అమ్మి వానల్లోపు ఇంటికి కొత్త రేకులు వేయించాలి. మధ్యాహ్నంలోగా చేరిస్తే ఇవాళ్టి ధర ఇస్తానన్నాడు బెజవాడ గవర్నర్‌పేట సేటు. ధర చూస్తే వారం వారం దిగుతోంది.

"డాలరుకీ మన మినుముకీ ఏంటండీ సంబంధం?"

"అదే చెప్తున్నా. బర్మా మినుములు డాలర్లు పోసి కొంటారు. డాలరు చవకైతే ఆ సరుకు ఇక్కడ చవగ్గా దిగుతుంది, ఇక మన సరుకు మొహం చూసేవాడుండడు. నిరుడు ఇదే బల్ల మీద, శౌరమ్మ బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో డాలరు రేటు చూశా. పడేట్టుందే అనిపించి సేటుకి ఫోన్ చేసి 'బర్మా సరుకు ఇప్పుడే కొనకు, నాల్రోజులాగు' అన్నా. అంతే! బెజవాడ ఆగింది, మద్రాసు ఆగింది, రంగూన్లో బయల్దేరిన ఓడ నడిసముద్రంలో ఆగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రంగూన్ షావుకారే నాకు ఫోన్ చేశాడు."

"ఏ భాషలో?" అన్నాడు ట్రక్కు ఆటో కరిముల్లా.

"తెలుగులోనేనయ్యా, వాళ్ళ ముత్తాతది మన బందరే. 'రావుగారూ, ఎంతకి కొంటారు?' అన్నాడు. ఆలోచిస్తూ ఒక గుక్క టీ తాగా. డాలరు పది పైసలు పడింది. ఇంకో గుక్క, ఇంకో పది. సగం గ్లాసుకి నలభై రెండు! నేనెన్ని గుక్కలు తాగుతున్నానో రాసుకు రమ్మని బొంబాయి బ్యాంకులవాళ్ళు మనిషిని పంపారు. ముప్ఫై తొమ్మిది దగ్గర అమెరికా నుంచి ఫోను. 'అయ్యా, ఆ గ్లాసు కింద పెట్టండి, మేం పిల్లలు గలవాళ్ళం' అని. జాలేసి అడుగున రెండు గుక్కలు వదిలేశా. శౌరమ్మే సాక్షి."

"ఈగ పడిందని వదిలారు," అంది శౌరమ్మ.

"అసలు సంగతి విను! అంత చవకయ్యేసరికి ఆగిన ఓడ హంసలదీవి దగ్గర కృష్ణలోకి దూరి, తిన్నగా బ్యారేజీ దాకా వచ్చి బోర్లా పడింది. మినుములు నానాయి. గేట్లెత్తితే ఆ సుడికి మెత్తగా నలిగాయి. తెల్లారేసరికి నది నదంతా పిండై పొంగింది."

"పొట్టో?" అన్నాడు కరిముల్లా.

"సముద్రంలోకి కొట్టుకుపోయింది. ఇక మన బెజవాడ ఎండ సంగతి తెలుసుగా, ఆవిరి పట్టేసి సీతానగరం నుంచి బెజవాడ దాకా ఒకటే ఇడ్లీ. మూడ్రోజులు బస్సులు దాని మీదే నడిచాయి."

ఏసుపాదం నవ్వలేదు. "ఇడ్లీ సంగతి సరేనండీ. నా పన్నెండు బస్తాలు అమ్మమంటారా, ఉంచమంటారా?"

నన్ను అంత నమ్మకంగా ఎవరూ ఏదీ అడగలేదు, మా ఇంటావిడతో సహా. ఛాతీ విచ్చుకుంది.

"ఉంచు! రేపట్నుంచి వారం పాటు టీ ముట్టను. డాలరు యాభైకి లేస్తుంది, బర్మా సరుకు ప్రియమవుతుంది, సేటే వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాడు."

సరుకు రావడం లేదని సేటుకి చెప్పడానికి ఏసుపాదం సెల్ తీశాడు. కరిముల్లా బీడీ ఆర్పాడు.

"రావుగారూ, మరి పొద్దున మీ ఎనిమిది బస్తాలు నా బండిలోనే కదండీ సేటు గోడౌన్లో దించొచ్చాం? దారంతా 'డాలరు ఇంకా పడేట్టుంది, గుంటలు చూడకు, తొక్కు తొక్కు' అని నా ప్రాణం తీశారుగా!"

ఏసుపాదం సెల్ జేబులో పెట్టుకున్నాడు. నావైపు చూడనైనా చూడలేదు. "బండి తియ్యి, కరిముల్లా."

నేను గ్లాసు నోటి దగ్గరికి ఎత్తా. శౌరమ్మ చటుక్కున లాగేసుకుంది.

"ఆగండి. అతని సరుకు తూకమయ్యేదాకా ఒక్క గుక్క తాగడానికి వీల్లేదు."