తామసమ్మ మొగుడొచ్చేదాకా నోరిప్పని సభ

తామసమ్మ మొగుణ్ణి రాజుగారి బంట్లొచ్చి పట్టుకుపోయినప్పుడు ఆయమ్మ గొర్రెకి బొచ్చు కత్తిరిస్తా ఉందంట. అసలు పేరు తామసిను. సీమ పేరు, నా నోటికి తిరగదు, నేను తామసమ్మ అంటాను, మీరూ అట్టానే అనుకోండి. ఇది ఇంగిలీసోళ్ళ దేశంలో జరిగింది, వాళ్ళు మన బందరులో అద్దకం బట్టలు కొని ఓడలకెక్కించే కొఠీ పెట్టుకున్న రోజుల్లో. ఏ రాజని అడగమాకండి. మా ముత్తాత ఆ కొఠీలో మూటలు మోసేవాడు, ఆయనకి చెప్పినోళ్ళు రాజు పేరు చెప్పలా, తామసమ్మ పేరు చెప్పారు. ఇంతకీ ఏమైందంటే, వాళ్ళ ఊళ్ళో ఒక ఊరుమ్మడి బీడుంది. తాతల నాటినించీ ఊరందరి గొర్రెలూ అక్కడే మేస్తన్నాయి. రాజుగారి దగ్గర చనువున్న దొరొకడు ఆ బీడు నాకియ్యండి అన్నాడంట, రాజు ఇచ్చేశాడంట. ఊరోళ్ళని ఒక్క మాట అడిగింది లేదు. దొర వచ్చి చుట్టూ కంచె నాటించాడు. తామసమ్మ మొగుడు గెర్వాసు ఏం చేశాడు? పట్టపగలు, అందరూ చూస్తండగా, ఆ గుంజలు పీకి పారేశాడు. దొంగతనంగా కాదు, అనుకో. పీకుతా పీకుతా పాట కూడా పాడాడంట, మంచి గొంతు ఆయనది. ఇంకేముంది, బంట్లొచ్చారు, లండను పట్నంలో ఏటి ఒడ్డున రాతికోట ఉంది, అందులో పడేశారు. నేరమేందయ్యా అంటే చెప్పరు. ఎప్పుడొదుల్తారయ్యా అంటే రాజుగారి చిత్తం అంటారు.

దొర కంచె మళ్ళీ నాటించుకున్నాడు. అట్టా ఏడాది తిరిగింది. తామసమ్మ గొర్రెలు మేతలేక బక్కచిక్కినయ్యి, ఆయమ్మా అంతే. ఇంతలో రాజుకి యుద్ధమొచ్చి పడింది. శత్రువుల ఓడలు ఒడ్డుకొస్తన్నాయంటన్నారు, తన ఓడలు చూస్తే చిల్లులు. మరి ఆ దేశంలో ఒక కట్టుబాటుంది చూడండి, రాజు కొత్త పన్ను వెయ్యాలంటే ఊళ్ళనించి మనుషుల్ని పిలిచి, సభ పెట్టి, వాళ్ళచేత సరే అనిపించుకోవాల. సభంటే ఈ రాజుకి ఒళ్ళుమంట, అందుకే ఏళ్ళ తరబడి పిలవలా. ఇప్పుడు గతిలేక పిలిచాడు. నాలుగూళ్ళు కలిసి ఒక మనిషిని ఎంచుకుని పంపాలని చాటింపేశారు. వీళ్ళ దగ్గర కూడా జనం పోగయ్యారు. కంచె దొర మనిషి ముందుగానే వచ్చి, మా దొరగారి బామ్మర్దిని ఎంచుకోండి, మీకే మంచిది అంటన్నాడు. కాదనడానికి అందరికీ భయం. అప్పుడు తామసమ్మ ఆడాళ్ళ గుంపులోంచి ముందుకొచ్చింది. నా మొగుణ్ణి ఎంచుకోండి అంది. కమ్మరి జేకోబు నెత్తిన చెయ్యి పెట్టుకుని, ఏందమ్మా నువ్వనేది, జైల్లో ఉన్నోడు సభకెట్టా వస్తాడు? అన్నాడు. "రాజు తీసికెళ్ళాడు, రాజే తెస్తాడు జేకోబూ. మీరు పేరు పలకండి, మిగతాది నేను చూసుకుంటా" అంది. ఏం చూసుకుంటదో ఆయమ్మకే తెలీదు, అనేసింది అంతే. వాళ్ళు కేకేసి ఎంచుకుంటారంట మనిషిని. మొదట జేకోబు అరిచాడు, గెర్వాసూ! అని. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత మైదానమంతా గెర్వాసూ, గెర్వాసూ! దొర మనిషి గుర్రమెక్కి చల్లగా జారుకున్నాడు.

తామసమ్మ రొట్టె మూటగట్టుకుని లండను నడిచింది. సభ మొదలయ్యే రోజు ఆ పట్నం ఎట్టా ఉందో వినండి. తుత్తార్లు ఊదతన్నారు, గంటలు మోగతన్నాయి, వీధి పొడుగూతా జనం. ముందు గుర్రాల మీద పెద్ద దొరలు, ఎర్ర మఖమలు అంగీలు, వాటికి తెల్ల బొచ్చు అంచులు. ఎనకాల రాజు, కిరీటం పెట్టుకుని. జనం జేజేలు కొడతన్నారు. తామసమ్మ కొట్టలా. ఆ తెల్ల బొచ్చు చూసి, నా గొర్రెలకి మేత లేదు గానీ వీళ్ళ భుజాల మీద మాత్రం బొచ్చుకి కరువు లేదు అనుకుందంట. రాజు పెద్ద దొరల కొలువులో సింహాసనం మీద కూచుంటే, ఊళ్ళనించి వచ్చినోళ్ళంతా కటకటాల బయట టోపీలు తీసి నిలబడి వినాల. వాళ్ళూ మర్యాదగల ఆసాములే అనుకో, అయినా నిలబడాల్సిందే. రాజు మాట చిన్నది: ముందు నా ఓడలకి పన్ను ఒప్పుకోండి, మీ గోడు తర్వాత వింటాను. ఇట్టాంటి 'తర్వాత' ఎప్పుడొస్తదో మీకు తెలుసుగా?

ఆసాములు గొణుక్కుంటా వాళ్ళ కొలువుగదికి వచ్చారు. తలుపుకాడ కర్ర పట్టుకున్న ముసలాయన, వాళ్ళ ఎనకాలే వచ్చిన తామసమ్మని ఆపి, ఆడోళ్ళు లోపలికి రాకూడదమ్మా అన్నాడు. "రాను తాతా. గడప ఇవతలే నిలబడతా. నా మొగుడి పేరు పిలుస్తారు, వినిపోతా" అంది. ఆయన మనసు కరిగింది, తలుపు ఓరగా ఉంచాడు. లోపల ఒకాయన ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తన్నాడు, ఉన్నా, ఉన్నా అని పలుకుతన్నారు. గెర్వాసు! అని పిలిచాడు. ఎవరూ పలకలా. ఇంకోసారి పిలిచాడు. లేడేమో, తర్వాతి పేరు, అనబోతన్నాడు, అప్పుడు తామసమ్మ గడపకాడనించి గొంతెత్తి, "ఉన్నాడు! మీ రాజుగారి కోటలో ఉన్నాడు! ఎందుకున్నాడో మీకేమన్నా తెలిస్తే చెప్పండయ్యా, మాకు తెలీదు!" అంది. అందరూ గిర్రున తిరిగారు. సభాపెద్ద లేచి, ఎవరా ఆడమనిషి, పట్టుకోండి! అన్నాడు. తలుపుకాడ తాత ఆయమ్మ భుజం పట్టుకున్నాడు పాపం. "పట్టుకోండి. నన్నూ అక్కడికే పంపండి, ఇద్దరం ఒకచోటన్నా ఉంటాం" అంది. ఎనక వరసలో బర్నబీ అని ఒక ముసలి ఆసామి ఉన్నాడు, బోదకాలు, సభకి ఎన్నిసార్లొచ్చినా నిద్రపోయి పోవడమే గానీ మాట్టాడింది లేదు. ఆయన కర్ర ఊతగా లేచి, "జనం ఎంచుకున్నోణ్ణి రాజు కోటలో పెట్టుకుంటే, రేపు నన్నూ పెడతాడు. ఆ మనిషి వచ్చి ఇక్కడ కూచునేదాకా నేను నోరిప్పను" అని కూచున్నాడు. కూచుని నోరు మూశాడు. ఆయన పక్కనోడు మూశాడు. ఇంకొకడు. చూస్తండగానే సభంతా మూగపోయింది.

రాజు మనిషి వచ్చాడు, నల్ల కర్ర పట్టుకుని. పన్ను సంగతేందని రాజుగారు అడగమన్నారు అన్నాడు. ఎవరూ పలకలా. దగ్గాడు. పలకలా. ఏం చెప్పమంటారయ్యా అని బతిమాలాడు. సభాపెద్ద గెర్వాసుకని వదిలేసిన ఖాళీ చోటు వైపు చెయ్యి చూపించాడు, అంతే. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అంతమంది మొగోళ్ళు పొద్దున వచ్చి, సాయంత్రం దాకా బొమ్మల్లే కూచుని పోతన్నారు. తామసమ్మ గడపకాడే. పట్నమంతా ఇదే మాట. బేకరీ ఆడోళ్ళు ఆయమ్మకి వేడి రొట్టె తెచ్చిస్తన్నారు, పడవోళ్ళు పాటలు కడతన్నారు. రాజు మండిపడ్డాడంట, అందరినీ కోటలో వేస్తానన్నాడంట. మంత్రులన్నారంట, అయ్యా, అందర్నీ వేస్తే పన్నుకి సరే అనేదెవరు? ఓడలకి చిల్లులు పూడేదెట్టా? దాంతో రాజు పళ్ళు నూరుకుని, వదలండి ఆ గొర్రెలోణ్ణి అన్నాడు.

కోటనించి పడవలో తెచ్చారు గెర్వాసుని. ఏటి మెట్ల మీద జనం. తామసమ్మ చూస్తే, గడ్డం పెరిగి, ఎముకలు తేలి, మెట్టెక్కలేక ఆగతన్నాడు. ఆయమ్మ పరిగెత్తి చెయ్యి పట్టుకుంది. ఏదో అన్నాడు, వినపళ్ళా. చెమ్మ గదిలో ఉండి ఉండి గొంతు పోయింది మనిషికి! పాడిన గొంతు. ఇంత చేసి తెప్పిస్తే సభలో మాట్టాడేదెట్టా? "ఏమయ్యా, ఎట్టా?" అంది. ఆయన చెవిలో గుసగుసగా, "నువ్వు అరిచావంటగా, పడవోడు చెప్పాడు. చాల్లే, నా గొంతు నీకిచ్చినట్టే" అని నవ్వాడంట. ఏడుస్తానే ఆయమ్మా నవ్వింది.

గడప దాకా తీసుకొచ్చి వదిలింది. ఆయన లోపలికి నడిచాడు. ఒక్కడు లేచాడు, ఇద్దరు లేచారు, సభంతా లేచి టోపీలు తీసింది. రాజుకి తీసినట్టు, అనుకో. గెర్వాసు తన చోట్లో నిలబడి మాట్టాడాడు, గుసగుసంత గొంతుతో. బర్నబీ కుంటుకుంటా పక్కకొచ్చి, చెవొగ్గి విని, ఒక్కొక్క ముక్కా గట్టిగా అందరికీ చెప్పాడు. "మా బీడు ఊరిది. అడక్కుండా ఇచ్చారు. మనిషిని నేరం చెప్పకుండా పెట్టారు. ముందు ఇవి సరిచెయ్యండి, తర్వాత ఓడలు." ఇన్నేళ్ళూ సభలో నిద్రపోయిన బర్నబీ ఉరిమినట్టు చెప్తంటే తలుపుకాడ తాత కూడా కళ్ళు తుడుచుకున్నాడంట. సభంతా, అవును! అంది. ఇన్నాళ్ళూ బిగబట్టిన గొంతులు కదా, ఆ అవును ఏటి అవతలకి వినపడింది. రాజు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? బీడు ఊరికిస్తన్నట్టు ముద్ర పడ్డాకే ఓడలకి పన్ను పడింది.

మొగుడూ పెళ్ళాం ఊరికొచ్చేసరికి జేకోబూ వాళ్ళూ కంచె పీకి, ఆ గుంజలతోనే పెద్ద మంటేసి, విందుకి సిద్ధం చేసి కూచున్నారు. గొర్రెలు బీడులోకి తోస్తే, తలెత్తకుండా మేసినయ్యంట. గెర్వాసు గొంతు పూర్తిగా రాలా, అయినా బతికినన్నాళ్ళూ సభకి ఆ ఊళ్ళ తరపు మనిషి ఆయనే. ఆయన చెప్పింది సభలో చెప్పడానికి బర్నబీ, ఆయనేం చెప్పాలో చెప్పడానికి తామసమ్మ.

ఇదీ సంగతి. అన్ని రోజులు నోరు మూసుక్కూచున్న మొగోళ్ళు నిజంగా ఉన్నారా అంటావేందే కోటమ్మా? సీమలో ఉన్నారేమో మరి. మన పంచాయితీలో ఒక్క పూట మూసుక్కూచుంటే కాలవ పూడిక ఈపాటికి తీసేసేవాళ్ళు.