సీసాడు పళ్ళరసం

చనిపోయినతని భార్య, అతనితో ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసిన స్నేహితుడు మార్చురీ బయట బెంచీ మీద కూర్చున్నారు.

“అన్నయ్యా, స్టెంటు వేశాక ఆయన చేత టీ మాన్పించాను కదా. బదులుగా రోజూ సీసాలో పోసిచ్చిన పళ్ళరసం తాగేవారా?”

“చుక్క మిగిల్చేవాడు కాదమ్మా. ‘రసాలరాజా’ అని ఏడిపించినా మాకు గుక్కెడైనా ఇచ్చేవాడు కాదు. ‘మా ఆవిడ నా గుండె కోసం పోసింది’ అనేవాడు.”

“పారబోసేవారేమో అనుకున్నాను.”

“ఛ, ఎంత మాట!”

“డాక్టరు ఇందాక చెప్పాడు. చక్కెర లేని టీ అయితే ఆయన్నేం చేసేది కాదట. కొట్లో కొన్న ఆ రసం నిండా చక్కెరేనట. రోజూ సీసాడు తాగితే రక్తనాళాలకు చేటట.”

అతను చూపు పక్కకు తిప్పుకున్నాడు.

“ఇప్పుడు గుర్తొస్తోందమ్మా. అప్పుడప్పుడు కిటికీలోంచి పారబోసేవాడు.”

“వద్దులే అన్నయ్యా. నేను పోసిందేదీ ఆయన పారబోయరు.”