శంకరయ్య నాలుకకు తెలియని మన్ను

సాతంరాయిలో శంకరయ్యను మన్ను సంగతి అడగడమంటే కొరివితో తల గోక్కోవడమే. అది లక్ష్మణ్‌కు తెలియక కాదు, ఆ పొద్దు మనిషికి దిక్కు తోచలేదు. కొత్త రోడ్డుకు తవ్విన మన్నును లారీలవాళ్లు తెచ్చి అతని చేన్లో పోసిపోయారు. ఇప్పుడు పైన ఒక రంగు, కింద ఒక రంగు. అది ఎర్ర చెల్కో, నల్ల రేగడో, ఏ పంటా రాని ఉప్పు చౌడో చెప్పే మొనగాడు లేడు. అవతల భార్య అరుణ ఇంటి ముందు పెంచిన టమాట నారు పీకి తట్టలో పెట్టుకుని చేను గట్టున కూర్చుంది. ఈ పూట నాటకపోతే నారు వడిలిపోతుంది. నాటాక అది చౌడని తేలితే ఆమె కష్టమంతా మట్టిపాలు.

అందుకే రుమాలులో గుప్పెడు మన్ను మూటగట్టుకుని, ఏ మన్నైనా నాలుకతో తేల్చేస్తాననే శంకరయ్య రోజూ కూర్చునే దుర్గవ్వ చాయ్ హోటల్‌కు వచ్చాడు. దుర్గవ్వ ఇద్దరికీ చాయ్ పోసింది. శంకరయ్య చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, ఉమ్మేశాడు.

"చౌడు తమ్మీ. నారు పెడితే మాడుతది. చేను ప్లాట్లోళ్లకు ఇచ్చెయ్."

లక్ష్మణ్ తనూ చిటికెడు నాలుకకు పెట్టుకున్నాడు. ఉప్పగా ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది.

"నిజమేనా అన్నా? జర మళ్ల చూడరాదే."

"మళ్ల చూసుడా? ఈ నాలుకనా?" శంకరయ్య చాయ్ ఒక గుక్క తాగి సర్దుకుని కూర్చున్నాడు. "బడంగ్‌పేట్ల మా పెంటయ్య బావ చేను మన్ను నాకి, పల్లి వెయ్యి బావా అన్న, ఏసిండు, పండింది, అది చిన్న ముచ్చట, ఇడువు. ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిచిన్రు సూడు, అప్పుడొక గాలిమోటరు దిగింది, ఏడికెల్లి వచ్చిందో నడిపెటోనికే యాది లేదు, పరేషాన్ల పడ్డడు పాపం, జీపేసుకొని నా కాడికొచ్చిన్రు. నేను పోయి టైరుకంటిన మన్ను గిట్ల నాలుకకు పెట్టిన, దుబాయ్ అన్న. గంతే, కాళ్ల మీద పడ్డడు. ఇగ ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఎరుక లేదన్నా."

ఏ ఊరినుంచి వచ్చారో విమానం లోపల కూర్చున్నవాళ్లను అడగొచ్చు కదా అనిపించింది లక్ష్మణ్‌కు. కానీ పెంటయ్య చేన్లో పల్లి పండిన మాట నిజమే, తను కళ్లారా చూశాడు. ఏది నమ్మాలో ఏది వదలాలో తెలియక తల గోక్కున్నాడు.

"మిగిలిన మన్ను తువ్వాలల కట్టుకొచ్చి నా చేన్ల చల్లిన. తెల్లారి లేస్తే ఖర్జూర తోట! గాలిమోటర్లు దిగుటానికి జాగ లేదు. నడిపెటోళ్లు కిటికీలకెల్లి చేతులు పెట్టి గెలలు తెంపుకొని పోవుడు. ఆఖరికి పెద్దసార్లొచ్చి, దిగనియ్యవయ్యా శంకరయ్యా అని దండం పెట్టిన్రు. పోనీ, దేశం పని గదా అని కొట్టేపిచ్చిన."

"మొదళ్లన్న ఉండాలె గదన్నా?"

"దుబాయోళ్లు అడిగితే పంపిచ్చిన."

అరుణ ఫోన్ చేసింది. లక్ష్మణ్ ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి, మన చేను చచ్చిపోయిందనా?

అప్పుడు దుర్గవ్వ పొయ్యి దగ్గర నుంచే అంది. "శంకరయ్యా, ఇందాకటి సంది చూస్తున్న. ఇయ్యాల చాయ్‌ల చక్కెర అనుకొని ఉప్పేసిన. సగం తాగినవు, ఏమనవేంది?"

శంకరయ్య ఒక్క క్షణం గ్లాసులోకి చూశాడు. తర్వాత చప్పరించాడు. "పట్టలేదనుకున్నవా అక్కా? మొదటి గుక్కకే పట్టిన. నలుగుట్ల చిన్నబోతవని ఊకున్న. గది సముద్రం ఉప్పు, బందరు దిక్కుది."

లక్ష్మణ్ గాభరాగా తన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు. నిజమే, నాలుకకు ఉప్పగానే తగిలింది.

"ఉప్పు లేదు, ఏం లేదు," అంది దుర్గవ్వ. "రోజూ తాగే చక్కెర చాయే అది."

బల్లల మీదున్నవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. శంకరయ్య రాని బస్సు కోసం బెంగళూరు రోడ్డు వైపు చూడసాగాడు. లక్ష్మణ్‌కు మాత్రం నవ్వు రాలేదు, సిగ్గేసింది. చిటికెడు మన్ను మళ్లీ నాలుకకు పెట్టుకున్నాడు. మన్ను మన్నులాగే ఉంది.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"ఏందయ్యా, చౌడేనా?" అంది అరుణ.

"నాకెరుక లేదు, చెప్పినోనికీ ఎరుక లేదు. సగం నారు కొత్త మన్నుల పెడదాం, సగం పాత మన్ను దాక తవ్వి పెడదాం. నువ్వు షురూ చెయ్యి, వస్తున్న."

రుమాలు దులిపి, నిలబడే మిగిలిన చాయ్ తాగేశాడు. గొంతు దాకా తియ్యగా ఉంది. దుర్గవ్వ ఎప్పుడూ చక్కెర ఎక్కువే వేస్తుందని అప్పుడు గుర్తొచ్చింది.