కర్పూరానికి పంపింది నేనే

చిత్తూరు, మేజిస్ట్రేటు గారి ఎదుట 2024 నవంబరు 21, గురువారం, పగలు 11 గంటల 20 నిమిషాలకు నమోదైన వాంగ్మూలం. సాక్షి తనంతట తానే వచ్చినాడనీ, వెంట పోలీసులు ఎవరూ లేరనీ రూఢి చేసుకున్న తర్వాత, అతను చెప్పింది అతని మాటల్లోనే రాయడమైనది.

నా పేరు చెంగయ్య. మా నాయన పేరు కుప్పయ్య, ఇప్పుడు లేడు. నాకు యాభై ఎనిమిదేండ్లు. బంగారుపాళ్యం మండలంలో ఉండాది మా ఊరు. గంగమ్మ ముందర పంబ డోలు వాయించేది మా వంశంలో వస్తా ఉండే పని. జాతర లేని దినాల్లో మామిడి తోపుల్లో కూలికి పోతాను. సచ్చిపోయిన రెబెకా నా సెల్లెలు చంద్రకాంతమ్మ కూతురు. నేను సొంత మేనమామని. పాప పాప అంటాను గానీ ఇరవై రెండేండ్లు దానికి.

ముందు ఒగ మాట సెప్పేస్తాను సామీ, తర్వాత నోరు పెగలదేమో. జూసంగడి అష్రఫ్ పారిపోలేదు. వాణ్ణి నేనే పంపించినాను. కర్పూరం తెమ్మని పంపించినాను. పదారో తేదీ సందకాడ స్టేషన్లో ఎస్ఐ గారు అష్రఫ్ ఆట మధ్యలో యాడికి ఉరికినాడని అడిగితే నాకు తెలీదని సెప్పినాను. అది అబద్ధం. ఆ అబద్ధానికి వాడు ఐదు దినాలుగా లోపల ఉండాడు.

ఇంగ మొదట్నించీ సెప్తాను.

మా సెల్లెలు ఏబెల్‌ను పెండ్లి సేసుకున్నాక చర్చికి పోతా ఉండాది. ఏబెల్ మంచోడు. నాకు సెల్లెలి మింద ఏ కోపమూ లేదని ఊర్లో అందురికీ సెప్తా ఉంటాను. నిజం సెప్పల్లంటే ఉండె. నాకు పిలకాయలు లేరు. సెల్లెలింట్లో ఎవురూ జాతర పక్కకి రారు. ఈ పంబ నాతోనే అయిపోతాదని లోపల కాలతా ఉండె. అయినా పాప సెవులు కుట్టించింది మాత్రం నా వొడిలోనే. ఏబెల్ అడ్డం చెప్పలేదు.

రెబెకాకి డాన్సంటే పిచ్చి. ఫోన్లో సూసి నేర్చుకునింది. తిరుపతిలో ఒగ టీములో చేరి పెండ్లిండ్లకి ఆడతా ఉండె. క్రిస్మస్‌కి చర్చిలో పిలకాయలకి ఆట నేర్పేది కూడా అదే. ఆ టీమును పెట్టుకోని తిరుపతి ఆయప్ప ఒగడు, దయానంద్ అని, సినిమా తీస్తా ఉన్న్యాడు. మామూలు సినిమా కాదంట. కథ రెండు ముక్కలే. డాన్సోళ్ళు పదిమంది పార్టీ సేసుకుంటా ఉంటారు. ఎవురో తాగేదాంట్లో ఏందో కలిపేస్తారు. అందురికీ మతి తప్పతాది, అయినా ఆట నిలపరు. మాటలు లేవు, పాటలు లేవు. సూసేవాళ్ళకి కడుపులో దేవినట్టు ఉండల్లంట. ఇట్లాంటిది ఎవురు సూస్తారప్పా అని అడిగినాను. వేరే దేశాల్లో సూస్తారని సెప్పినాడు.

సినిమాలో ఆఖరాటకి పంబ కావల్లని ఆయప్ప అన్న్యాడంట. మా మామ ఉండాడని రెబెకానే సెప్పింది. పద్నాలుగో తేదీ మా ఇంటికొచ్చి గడప మింద కూసోని, "మామా, ఊరంతా నీ పంబకి ఆడినారు, నేనొక్కదాన్నే ఆడలేదు. ఒక్క తూరి ఆడల్ల" అనింది. నేను గంగమ్మ ముందర తప్ప యాడా పంబ ఎత్తను సామీ. దానికోసరం ఎత్తినాను.

పదారో తేదీ శనివారం. పొద్దున తొమ్మిదికి పోయినాను. హైవే పక్కన మూడేండ్లుగా మూతబడి ఉండే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అది. లోపల పెద్ద షెడ్డు. కథలో పార్టీ రాత్రిపూట, తీసేది పగలు. అందుకని కిటికీలకంతా నల్ల గుడ్డలు కొట్టి షట్టర్లు దించేసినారు. ఫ్యాక్టరీలో కరెంటు లేదు, జనరేటరు తెచ్చినారు. మొదట అది బయటే ఉండె. పన్నెండుకి వాన పట్టుకునింది. తడుస్తాదని జనరేటరును లోపలికి తోసి ఒగ మూల పెట్టి, కెమెరాకి కనపడకుండా ముందర రేకు నిలబెట్టినారు. దాని పొగ యాడికి పోతాదని ఎవురూ అడగలేదు. నేనూ అడగలేదు.

పన్నెండున్నరకి అష్రఫ్ తన ఆటోలో జూసు క్యాన్లు తెచ్చినాడు. వానికి హైవే మింద జూసంగడి ఉండాది. కథలో తాగేదానికి మామిడి జూసు తెప్పించినారు. అందురూ తాగినారు. అష్రఫ్ కూడా ఒగ గ్లాసు తాగినాడు. నేను తాగలేదు. పంబ ఎత్తే దినం ఒక్కపొద్దుంటాను, ఆట అయిందాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టను. ఇది బాగా రాసుకోండి సామీ. నేను ఆ జూసు తాగలేదు. నాకూ ఒంటిగంట కాడ్నించి తల పగిలిపోతా ఉండె. బయటికి పోయి రెండు తూర్లు కక్కుకున్నాను. నేను కూసున్నది సిన్న తలుపు పక్కన, రొంత గాలి తగిలే తావు. రెబెకా ఆడింది జనరేటరు మూల.

అది అన్నం వొద్దనింది. తల తిరగతా ఉండాది మామా అని సెప్పి, నా బుజం మింద ఉండే పచ్చ తువాల తీసుకోని తలకి బిగించి కట్టుకునింది. దయానంద్ సూసి, బాగుండాది, అట్లనే ఆడు అన్న్యాడు. పచ్చ తువాలతోనే ఆడింది.

రెండుంబావుకి ఆఖరాట. పడినా, దొర్లినా, కక్కినా ఎవురూ నిలపొద్దండి, నేను కెమెరా నిలిపిందాకా ఆడండి అని ఆయప్ప సెప్పినాడు. నేను కొట్టేది మొదలుపెట్టినాను. రొంచేపటికి ఇద్దరు పడినారు. ఒగడు గోడ పట్టుకోని కక్కినాడు. అంతా కథలో ఉండేదే గదా, ఎవురికీ అనుమానం రాలేదు.

రెండు ముప్పై ఆరుకి రెబెకా వొళ్ళు అదరబట్టింది. టయిము నాకెట్ల తెలుసంటే, స్టేషన్లో ఎస్ఐ గారు ఆ కెమెరాలో పడింది ల్యాప్‌టాప్‌లో సూపించినప్పుడు మూలన అంకెలు పడతా ఉండె. కండ్లు పైకి పోయినాయి. పండ్లు బిగిసినాయి. ఊగతా ఊగతా మోకాళ్ళ మింద కూలబడింది. ఆడుండేవాళ్ళందరూ అది నటన అనుకున్నారు. నేను అనుకోలేదు సామీ. నలభై ఏండ్లుగా అట్లాంటోళ్ళ ముందర నిలబడినోణ్ణి, నటన ఏదో నిజం ఏదో నాకు తెలుసు. అది నిజమే అని తెలుసుకున్నాను. అమ్మ వొచ్చిందనుకున్నాను.

నాకెంత కుశాలైందో సెప్పలేను. సెల్లెలు ఒదిలేసినా అమ్మ మా ఇంటిని ఒదల్లేదు, మా పాపని ఎతుక్కుంటా వొచ్చింది అనుకున్నాను. కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. లేసి నిలబడి ఇంగా గట్టిగా కొట్టినాను.

మాకు ఒగ కట్టుబాటు ఉండాది. అమ్మ ఒగరి మింద వొచ్చినాక వాయిద్యం మధ్యలో నిలపగూడదు. కర్పూరం ఎలిగించి హారతిస్తే అమ్మ దిగతాది, అప్పుడే నిలపల్ల. ముందే నిలిపితే ఆ మనిషికి సేటు. మా నాయన నాకు పుల్లలు పట్టించిన దినమే ఇది సెప్పినాడు. ఆ షెడ్డులో కర్పూరం లేదు.

రెండు నలభైకి, సిన్న తలుపు కాడ నిలబడి సూస్తా ఉండిన అష్రఫ్ ఉరికొచ్చి రెబెకా బుజాలు పట్టుకున్న్యాడు. ఎస్ఐ గారు ఆడ బొమ్మ నిలిపి, సూడు, పాప మింద సేతులేసినాడు, తర్వాత ఎట్ల ఉరికి పోతా ఉండాడో సూడు అన్న్యారు. వాడు సేతులేసింది ఎత్తేదానికి. "చెంగయ్యన్నా, ఈ పాపకి బాగలేదు. ఆటో బయటే ఉండాది, ఆసుపత్రికి పోదాం పట్టు" అన్న్యాడు. నేను పంబ పుల్లతో వాని సేతి మింద కొట్టినాను. "ముట్టుకోవద్దురా, అమ్మ వొచ్చింది. నీకు తెలీదు. పోయి కర్పూరం తే, ఏపాకు తే" అన్నాను.

వాడు నన్ను సూసినాడు, పాపని సూసినాడు. సిన్నప్పట్నించీ జాతరలో నా పంబ ముందర నిలబడి సూసినోడు సామీ వాడు. పెద్దోని మాట గదా అని ఉరికినాడు. కెమెరాలో అగుపడేది అదే.

దగ్గర అంగడి మూసుంటే బంగారుపాళ్యం దాకా పోయినాడు, వానలో. మూడు గంటల రెండు నిమిషాలకి తిరుక్కోని వొచ్చినాడు. ఇరవై రెండు నిమిషాలు. ఇరవై రెండు నిమిషాలూ నేను కొట్టినాను. వాడు లోపలికొచ్చి, "ఈ పొగేందన్నా, మీకెవురికీ తెలీలేదా" అని షట్టరు పైకి తోసినాడు. బయట గాలి కొట్టినాక సూస్తే రెబెకా కదల్లేదు. ఇద్దరం ఎత్తి ఆటోలో ఏసినాం. తల నా వొడిలో పెట్టుకున్నాను. పచ్చ తువాల ఇప్పి మొగం తుడిసినాను. మొగం ఎర్రగా, బాగున్నోళ్ళ మొగం మాదిరే ఉండె. మూడు ముప్పై ఐదుకి చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరు సూసి, దావలోనే పోయిందన్న్యాడు.

జూసులో ఏందో కలిపినారని ముందుగా సెప్పింది దయానంద్. కథలో ఉండేది అదే గాబట్టి అందురూ నమ్మి, జూసు తెచ్చిన అష్రఫ్ మింద పడినారు. జనరేటరు గురించి నన్ను ఎవురూ అడగలేదు. ఇంగా ముగ్గురు పిలకాయలు ఆసుపత్రిలో పండుకోని ఉండారు. వాళ్ళని పొగ గురించి అడిగి సూడండి.

పదిహేడో తేదీ సందకాడ పాపని పూడ్సినారు. నేను దూరంగా నిలబడినాను. అంతా అయినాక చంద్రకాంతమ్మ నా కాడికొచ్చింది. ముందుదినమే దానికి సెప్పినాను, అమ్మ వొచ్చిందనుకున్నాను సెల్లీ అని. అది ఏడవలేదు. "అన్నా, మా పిల్ల మింద అమ్మ ఎందుకొస్తాదని నీకు తట్టలేదా?" అనింది.

నిన్న పొద్దున అష్రఫ్ తల్లి ఖాజాబీ మా ఇంటికొచ్చింది. రెబెకా కూసున్న గడప మిందనే కూసునింది. నన్ను ఒగ మాట తిట్టలేదు. పోలీసులు పిలస్కపోయే ముందర కొడుకు ఇడిచిన తడి సొక్కా ఉతికేదానికి తీస్తే జేబులో ఇది దొరికిందని ఒగ పొట్లం నా ముందర పెట్టింది. కర్పూరం. మా ఇంట్లో ఇది వాడం గదన్నా, వాడు ఎవురికోసరం కొన్న్యాడు అని అడిగింది. ఇదో, ఆ పొట్లం మీ బల్ల మింద పెడతా ఉండాను. ఇంగా ఇప్పలేదు.

సెప్పాల్సింది ఇంగొగటి ఉండాది. ఇది ఎవురికీ తెలీదు, సెల్లెలికి కూడా సెప్పలేదు. కెమెరాలో పంబ సద్దు, జనరేటరు సద్దు తప్ప ఏమీ ఇనపడదు. రెండు యాభైకి రెబెకా నేల మింద పాక్కుంటా నా కాడికొచ్చింది. పంబ తోలు మింద సెయ్యి పెట్టింది. అది మీకు అగుపడతాది. నేను ఆ సెయ్యి తీసి కండ్లకద్దుకున్నాను. అదీ అగుపడతాది. అది అన్న మాట మాత్రం అగుపడదు. "మామా, నిలుపు మామా" అనింది.

అమ్మ నన్ను మామా అనదు సామీ. ఎవురి మింద వొచ్చినా, రేయ్ చెంగయ్యా అనే పిలుస్తాది. నలభై ఏండ్లుగా అట్లనే పిలిచింది. నాకు ఇనపడింది. బాగా ఇనపడింది. అది మా పాప గొంతే. ఇనపడి కూడా కొట్టినాను. ఇంగ రొంచేపు అమ్మ ఉంటే బాగుండు అనుకోని కొట్టినాను.

అష్రఫ్‌ను ఇడిచిపెట్టండి. ఆ పూట పాపని బతికించల్లని సూసినోడు వాడొక్కడే. వాణ్ణి ఆపింది నేను. నాకు ఏ శిక్ష ఏస్తారో ఏసుకోండి. పోలీసులు తీసుకోనిపోయిన పంబ నాకు మళ్ళా ఇయ్యొద్దండి.

సంతకం సెయ్యమంటా ఉండారు. నాకు సంతకం వొచ్చు సామీ. రెబెకా ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఏలిముద్రేస్తావు మామా, సిగ్గుగా లేదా అని పలక మింద రాయించి రాయించి నేర్పించింది. ఆ సంతకం ఈ కాయితం మింద పెట్టలేను. ముద్రే ఏసుకోండి.

రాసిందంతా సదివి ఇనిపించినారు. నేను సెప్పినదానికి ఒగ మాట ఎక్కువ లేదు, ఒగ మాట తక్కువ లేదు. నన్ను ఎవురూ బెదిరించలేదు, ఎవురూ సెప్పమని పంపలేదు. ఇదంతా నిజం.

చెంగయ్య, తండ్రి కుప్పయ్య
ఎడమ చేతి బొటనవేలి ముద్ర