బస్తా మోసే నడక

మిర్యాలగూడ రైస్‌మిల్లులో మధ్యాహ్నం అన్నాల వేళ. హమాలీ లింగస్వామి, ఇంజనీరింగ్ చదువుతున్న అతని బిడ్డ ఊర్మిళ బస్తాల నీడన కూర్చున్నారు.

“రేపు నువ్వు రావద్దు నాయినా.”

“గదేంది బిడ్డా! పెద్ద పెద్ద మిలిటరీ సైంటిస్టులు నీకు శాలువ కప్పుతుంటే నేను సూడొద్దా? మేస్త్రీని బతిమిలాడి సెలవు గూడ అడిగిన.”

“సూర్యాపేట దాక పోవాలె. ఎండలు మండుతున్నయ్.”

“ఎండ సంగతి నాకు చెప్తున్నవా? ముప్పై ఏండ్ల సంది బస్తాలు మోస్తున్న.”

“గదే... గదే నాయినా.”

“గదే అంటే ఏంది? సక్కగ చెప్పు. నువ్వు చేసిన మిషన్ మంచిగ లేదన్నరా?”

“మంచిగున్నదన్నరు. ఇంత చిన్న వయసుల ఇంత తెలివా అన్నరు. భూమిల పెడితే అడుగుల సప్పుడు ఇని, వచ్చేటోడు మనోడా, దుష్మనా చెప్తది. గంతే నేను చేసింది. వాళ్లు దానికి తుపాకి జోడిచ్చిన్రు. ఇగ మనిషితోని పనిలేదు. అదే తిరుగుతది, అదే కాలుస్తది.”

“అబ్బో! నా బిడ్డనే!”

“సంబురపడకు నాయినా. రేపు అసలు గుండ్లతోని చూపెడతరట.”

“మనం ఎటన్న దూరంగ కూసుంటం గద.”

“అది దూరం నుంచే ఇంటది.”

“ఇంటే ఇననియ్. నేనేమన్న దుష్మన్‌నా?”

“సరిహద్దు దాటేటోడు వీపు మీద బరువుతోని వస్తడు. అడుగు పొట్టిగ, గట్టిగ పడతది. మనోళ్ల అడుగులు దానికి నేర్పుదామని మా కాలేజి పోరగాండ్లను నడిపిచ్చిన. దుష్మన్ అడుగులకు...”

“ఆఁ, దుష్మన్ అడుగులకు?”

“సెలవులల్ల ఈ కళ్లంల నెల రోజులు నిన్ను నడిపిచ్చిన.”

“ఓసి పిచ్చిదానా! గప్పుడు వీపు మీద బస్తా ఉండె. రేపు ఉత్తగనే వస్త గద.”

“ఉత్తగ నడిచినా నీది గదే నడక నాయినా. మొన్న మా కాలేజి గ్రౌండ్ల నువ్వు నా దిక్కు నడిచొస్తుంటే సైంటిస్టులు చప్పట్లు కొట్టిన్రు, యాదికున్నదా?”

“ఎందుకుండదు! నిన్ను మెచ్చుకుంటున్నరని వాళ్లకు దండం గూడ పెడితి.”

“తుపాకి నీ ఎంబడే తిరుగుతుంటే కొట్టిన్రు నాయినా.”