తొలి ఆకు తిన్న మేక

తిరుపాలయ్యని ఒకాయన ఉండ్యాడంట, పెన్న ఒడ్డున. అరెకరా తమలపాకు తోట ఆయనది. ఆ తోట తప్ప ఇంకోటి ఎరగడు. చెప్పులు గెనిమ గట్టు మీద ఇడిసిగానీ లోపల అడుగు పెట్టడు, తొలి ఆకు దేవునికి పెట్టిగానీ ఒక్కాకు అమ్మడు. మేక కనపడిందా, రాయి తీసుకోని ఊరి దాంకా తరిమేవాడంట. ఆకుతోటకు మేక యముడు గదా, మీకు తెలీందేముంది. ఏమైందంటే, ఒక కార్తీకంలో ఇడవకుండా వాన. తోటలో నీళ్లు నిలిచిపొయ్యి తీగలన్నీ వేరు కుళ్లి సచ్చిపొయినాయి. తిరుపాలయ్య తలకాయ పట్టుకోని కూచ్చున్న్యాడు. మళ్లా తీగ నాటి ఆకు కొయ్యాలంటే ఏడాది పడతాది, అందాంకా తినేదేంది? "మే, మూటాముల్లె సర్దు. తోట అమ్మేసి బెంగుళూరికి కూలికి పోదాం" అన్న్యాడంట పెండ్లాంతో.

పెండ్లాం పేరు ఓబులమ్మ. ఊరిడిసేది ఆమెకు ఇష్టం ల్యా. పొయ్యి తోటలో నిలబడి చూసింది. తీగ సచ్చిందిగానీ, తీగ పాకేదానికి నాటిన అవిశె చెట్లుంటాయి సూడు, అవి నీళ్లకు జంకలా, పచ్చగా ఉండాయి. "యో, ఈ అవిశాకు ఎవురు తినాల? మా పుట్టింట్లో రెండు మేకలు అడిగి తెస్తా" అనింది. మేకలా! ఆయప్ప గయ్యిన లేచినాడనుకో. మా నాయన తోటకు మేకలు తెస్తావా, నేను సచ్చినాక తెచ్చుకో పో అని. ఆమె గమ్మునుంటుందా? "తోటలోకి యాడ తెస్తా, ఇంటికాడ కట్టేస్తా. ఒక్క ఏడు సూడు. కాలేదా, నువ్వు చెప్పినట్టే పోదాం" అనింది.

తెచ్చింది. దినామూ అవిశె కొమ్మలిరిచేది, మేకలకేసేది. అవిశె పూలు గంపకెత్తుకోని కూరకని సంతలో అమ్మేది. మేకలు ఈనినాయి, పాలకు పాలు, పిల్లలకు పిల్లలు. ఆ ఎరువు తోటకేస్తే, తిరుపాలయ్య మళ్లా నాటిన తీగ జరజరా పాకింది. తొలి ఆకు కోసే దినం వచ్చింది. తిరుపాలయ్య తానం చేసి, చెప్పులిడిసి లోపలికి పోతే ఏముంది? పెద్దమేక తాడు తెంపుకోనొచ్చి తొలి ఆకు నములుతా ఉందంట! ఆయన కట్టె ఎత్తినాడు. ఓబులమ్మ అడ్డమొచ్చింది. "ఏడాది మనకు కూడు పెట్టింది ఇదేనయ్యా. తొలాకు దీనికి పోతే దేవుడేం అనుకోడులే" అనింది. తిరుపాలయ్యకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయంట. కట్టె పారేసి, మేకను మెల్లగా ఇంటికి నడిపించుకోని పొయినాడు.

ఇప్పుడు ఆకూ కోస్తాడు, మేకల్నీ మేపుతాడు. కావాలంటే పొయ్యి సూడండి, మేకల కొట్టంలోకి గూడా చెప్పులిడిసే పోతాడు. ఆ పెంటికల్లో ఒట్టికాళ్లతో ఏందయ్యా అని నేనే అడిగినా. "నువ్వు గూడా ఇడిసి రా" అన్న్యాడు. ఇడిసినా మరి, ఏం జేస్తా!