పేరు మార్చని బండి

మధ్యాహ్నం, లాండ్రీ షాపు. ఇస్త్రీ బల్ల వెనక షాపతను, గోడవార బెంచీ మీద ఒక స్త్రీ. నల్లకళ్లద్దాల లెక్కల మాస్టారు గుమ్మం దాటి లోపలికి వచ్చి ఎంతోసేపు కాలేదు.

"ఫోనెత్తడానికేం రోగం నీకు?"

"చార్జింగ్ ఉండట్లేదు మాస్టారూ."

"మూడు నెలలుగానా?"

"అబ్బే, అది కాదు, పని ఒత్తిడి. ముందు మీరు లోపలికి రండి. వెనక గదిలో ఫ్యానుంది, కూర్చుని మాట్లాడుకుందాం."

"ఫ్యాను కోసం రాలేదురా. నా బండి సంగతి తేల్చుకుందామని వచ్చాను. ఇక్కడే తేల్చు."

"నెమ్మదిగా మాస్టారూ, నెమ్మదిగా. షాపులో మనుషులున్నారు."

"ఉండనీ. నలుగురూ వింటుంటేనే నీకు నోరు పెగుల్తుంది. ఎవరమ్మా అక్కడ? నాకు సరిగ్గా కనబడి చావదు. బట్టల కోసం వచ్చావా?"

"అవును మాస్టారూ, బట్టల కోసమే."

"నిన్నడగలేదు."

"నాకేం తొందర లేదండీ. ముందు మీ పని కానివ్వండి."

"చల్లగా ఉండు తల్లీ. ఒరేయ్, బండి ఖరీదు ఏడాదిలో మొత్తం కట్టేస్తానన్నావు. ఐదు నెలలు బుద్ధిగా కట్టావు. ఆ డబ్బుతో ఒక కంటికి ఆపరేషనయింది. రెండోదానికి డాక్టరు తేదీ ఇస్తే రెండుసార్లు మార్పించుకున్నాను. మూడోసారి ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు?"

"ఇస్తాను మాస్టారూ. హోటలు వాళ్లు దుప్పట్ల పని ఇంకొకళ్లకి ఇచ్చేశారు. బండికి తిరుగుడు లేదు. మూలన పడింది."

"మూలన పడిన బండికి టార్పాలిన్ ముసుగెందుకు? వస్తూ వస్తూ ఎత్తి తడిమి చూశాను. ఎడమ పక్క లైటు లేదు. బానెట్టు సొట్ట. నా చేతిలో పదకొండేళ్లు ఒక్క గీత పడలేదు దానికి."

"గోడకి తగిలింది."

"ఎప్పుడు?"

"అదే... అయింది, మూడు నెలలు. మాస్టారూ, సాయంత్రం నేనే మీ ఇంటికొచ్చి అన్నీ చెప్తాను. ఇప్పుడు మాత్రం వెళ్లండి. మీకు దణ్ణం పెడతా."

"మీ ఇల్లెక్కడండీ?"

"ఇక్కడే తల్లీ, రెండు వీధుల అవతల, వాటర్ ట్యాంకు పక్కన. ముప్పై ఏళ్లుగా అదే ఇల్లు. ఏం, పిల్లలకి ట్యూషనా? ఇప్పుడు చెప్పట్లేదమ్మా."

"ఊళ్లోనే ఉంటారన్నమాట."

"ఉన్న బండి కాస్తా వీడి చేతిలో పెట్టాక ఇంకెక్కడికి పోతాను?"

"మాస్టారూ, ఆటో పిలుస్తాను, రండి. రండి చెప్తాను."

"చెయ్యి తియ్యి. తియ్యి ముందు. నీదెప్పుడూ ఇదే వరస. పదో తరగతి పరీక్షలో చీటీతో దొరికినప్పుడు కూడా ఇలాగే, సాయంత్రం ఇంటికొచ్చి అన్నీ చెప్తా మాస్టారూ అన్నావు. నువ్వొచ్చావా? మీ అమ్మొచ్చింది. నా కాళ్ల మీద పడింది."

"ఇప్పుడు ఆవిడ మాట ఎందుకు?"

"ఎందుకా? ఆవిడ మొహం చూసే నిన్ను వదిలేశాను కాబట్టి. ఆవిడ మొహం చూసే బండీ ఇచ్చాను. ఇంటింటికీ తిరిగి మా అందరి మురికీ ఉతికింది. చివరికి ఓ దొంగని కన్నాను మాస్టారూ అని ఏడ్చింది."

"అమ్మ అలా అనలేదు."

"అంది. నా గుమ్మంలో నిలబడి అంది."

"అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు మాస్టారూ."

"పోయి బతికిపోయింది. ఉండుంటే ఇదీ చూసేది."

"చాలు మాస్టారూ. ఇంక చాలు."

"ఏం చాలు? ముందా ఇస్త్రీ పెట్టె తియ్యి, చొక్కా మాడుతోంది."

"మాడనీండి. మాస్టారూ, ఒక్కటడుగుతాను. ఆ బండి ఎవరిది?"

"అదేం ప్రశ్న?"

"మీరు నాకు అమ్మేశారుగా. అమ్మేశాక నాదేగా."

"నీదెలా అవుతుందిరా? ఆఖరి వాయిదా నా చేతిలో పడేదాకా అది నాదే. నీ సంగతి తెలిసే కాగితాల్లో పేరు మార్చలేదు. రెండో తాళం కూడా నా దగ్గరే ఉంచుకున్నాను. అప్పుడు సరేనని తలూపావు కూడా."

"నాకు గుర్తు లేదు."

"నాకుంది. ఇదిగో, బండి కాగితం సంచిలో పెట్టుకునే వచ్చాను. అమ్మా, కాస్త ఇలా పట్టుకో. నా కళ్లకి ఆనదు. ఓనరని రాసిన చోట ఎవరి పేరుందో, వీడికి వినబడేట్టు చదువు."

"ఇతని పేరు లేదండీ. వేరే పేరుంది. అడ్రసు వాటర్ ట్యాంకు పక్కన."

"ఆ పేరు నాదే. విన్నావా?"

"విన్నాను. ఇన్సూరెన్సు కాగితం కూడా తెచ్చారా మాస్టారూ?"

"అది ఎప్పుడో అయిపోయింది, ఆర్నెల్లవుతుంది. నువ్వు కడతావనుకున్నాను."

"మీ బండికి నేనెందుకు కడతాను?"

"ఇప్పుడు దారికొచ్చావు. ఏదీ, ఆ ముక్కే ఆవిడ ముందు చెప్పు. బండి ఎవరిది?"

"మీదే."

"గొణక్కు. గట్టిగా."

"బండి మాస్టారిదే. విన్నారుగా అక్కా?"

"విన్నాను తమ్ముడూ."

"ఆ మాట మూడు నెలల కిందటే అనుంటే ఇంత రచ్చ ఉండేదా? అమ్మా, నువ్వే సాక్షివి. రేపు మెకానిక్కుని తెచ్చి నా బండి నేను తోలించుకుపోతాను. ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

"ఒక్కసారి మా ఆయనకి చూపించి ఇస్తానండీ. మూడు నెలలుగా మంచంలో ఉన్నాడు, ఈ బండి గుద్దితే కాలు తీసేశారు. ఈ తమ్ముడేమో బండి నాది కాదు, ఓనరు ఊళ్లో లేడు, రాగానే డబ్బిప్పిస్తాను, కేసు పెట్టకక్కా అని నన్ను తిప్పని రోజు లేదు. బండి నాదేననే మనిషి ఇవాళ్టికి దొరికారు."